రెండు లెక్కలు ఒక్కటైన కథ

పోయిన వేసవి సెలవులకు మా అక్క కొడుకు అరుప్పుకోట్టై వచ్చాడు. మదురైలో భౌతికశాస్త్రం చదువుతున్నాడు. ఒకనాటి సాయంత్రం ఇద్దరం తిరుచ్చుళి వెళ్ళి, గుడి చూసుకుని, రమణ మహర్షి పుట్టిన ఇల్లు సుందర మందిరంలో కాసేపు కూర్చుని తిరుగు బస్సెక్కాం. దారిలో వాడు అడిగాడు:

"మామా, స్ట్రింగ్ సిద్ధాంతంలో డ్యూయాలిటీ అని ఒకటుంది. రెండుగా కనపడేది నిజానికి ఒకటే అంటారు. అది మన అద్వైతమే గదా? ఈ ఊరి మహర్షి చెప్పిందాన్నే వాళ్ళు ఇప్పుడు కనిపెట్టినారా?"

"కాదురా అబ్బీ" అన్నాను. "ఎందుకు కాదు?" అన్నాడు. అంతలో ఊరు వచ్చేసింది. ఆ బాకీ ఇప్పుడు ఈ వ్యాసంతో తీర్చుకుంటున్నాను. వాడిలాగే అనుకునేవారు మన పాఠకుల్లోనూ ఉండవచ్చు గనుక అందరికీ పనికివస్తుందని ఆశ.

రమణులు తమ 'ఉపదేశ సారా'న్ని తమిళంలోనూ, తెలుగులోనూ, సంస్కృతంలోనూ, మలయాళంలోనూ తామే రచించారు. ఒకే ఉపదేశం, నాలుగు భాషలు. మన నేత వీధుల్లో చూసినా అంతే. తమిళం, తెలుగు, కన్నడం, సౌరాష్ట్రం ఒకదాని పక్కన ఒకటి వినపడతాయి. ఇంట్లో ఒక భాషలో అనుకున్న బేరాన్ని అంగట్లో ఇంకో భాషలో కుదుర్చుకు వస్తాం. కాబట్టి 'రెండు విధాలుగా చెప్పినా విషయం ఒకటే' అన్న మాట మనకు కొత్త కాదు. కొత్త కాదు కాబట్టే వినగానే తల ఊపేస్తాం. భౌతికశాస్త్రజ్ఞుడు మాత్రం తల ఊపడు. "సరే, రెండు పక్కలా లెక్క కట్టి చూపించు" అంటాడు. రెండు లెక్కలకూ ఒకే సంఖ్య రావాలి. రాకపోతే ఎంత అందమైన మాటయినా కొట్టివేయవలసిందే. డ్యూయాలిటీ చరిత్ర అంతా ఈ లెక్క చూసుకున్న చరిత్రే.

ముందు మాట సంగతి. వెలుగు అలలాగానూ కణంలాగానూ ప్రవర్తిస్తుందనీ, అది దాని ద్వంద్వ స్వభావమనీ బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఇక్కడ చెప్పేది అది కాదు. ఒక పూర్తి సిద్ధాంతం ఉంది. దానితో పోలికే లేనట్టు కనిపించే మరో పూర్తి సిద్ధాంతం ఉంది. మొదటి దానిలోని ప్రతి ప్రశ్నకూ రెండో దానిలో ఒక జోడు ప్రశ్న ఉంది. రెండింటి జవాబూ ఒకటే. అటువంటి జంట వర్ణనకే డ్యూయాలిటీ అని పేరు. దాని ఉపయోగం ఎక్కడంటే, మొదటి దానిలో కొరుకుడు పడని ప్రశ్న రెండో దానిలో సులువుగా ఉంటుంది.

ఈ కథను నేను కుంభకోణంలో మొదలుపెడతాను. ఈరోడులో పుట్టి కుంభకోణంలో పెరిగిన శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలో హార్డీతో కలిసి పట్టుకున్న ప్రశ్న ఇది: ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా విడగొట్టవచ్చు? 4ను తీసుకోండి. 4; 3+1; 2+2; 2+1+1; 1+1+1+1. మొత్తం అయిదు విధాలు. 200 అయితే? 39,72,99,90,29,388 విధాలు. దాదాపు నాలుగు లక్షల కోట్లు. మెక్‌మహన్ అనే గణితజ్ఞుడు ఓపికగా మెట్టు మెట్టుగా లెక్కించి ఈ పట్టిక తయారుచేశాడు. రామానుజన్, హార్డీలు 1918లో ప్రచురించిన సూత్రం వేరే దారిలో వెళ్ళింది. ఆ సూత్రంలోని మొదటి ఎనిమిది పదాలు కూడితే వచ్చిన విలువకూ మెక్‌మహన్ సంఖ్యకూ తేడా 0.004 మాత్రమే.

ఇది ఎలా సాధ్యమైంది? ఈ విభజన సంఖ్యలన్నింటినీ తనలో దాచుకున్న ప్రమేయం ఒకటి ఉంది. దానికొక వింత గుణం. దాని చలరాశిని తలకిందులు చేస్తే, అంటే 10 ఉన్న చోట 1/10 పెడితే, ప్రమేయం దాదాపు తన రూపానికే తిరిగి వస్తుంది. కాబట్టి లెక్క కష్టమైన చోట దాని విలువ కావాలంటే, సులువైన చోట చూసి తెచ్చుకోవచ్చు. 'తలకిందులు చేస్తే మళ్ళీ అదే' అన్న ఈ గుణమే ఇక ముందు వేరే వేరే వేషాల్లో కనిపిస్తూ ఉంటుంది.

రెండో వేషం అయస్కాంతాలది. 1941లో క్రేమర్స్, వానియర్ అనే ఇద్దరు ఒక చదరపు వల ఊహించారు. వలలోని ప్రతి ముడి దగ్గర ఒక చిన్న అయస్కాంతం. అది పైకైనా చూడాలి, కిందికైనా చూడాలి. బాగా చల్లగా ఉంటే అన్నీ ఒకే వైపు చూస్తాయి. బాగా వేడిగా ఉంటే దేని దారి దానిది. ఆ వేడి వల లెక్కా, ఈ చల్లని వల లెక్కా నిజానికి ఒకటేనని వారు చూపించారు. వరస తప్పి గందరగోళం మొదలయ్యే ఉష్ణోగ్రత ఒకటే ఉన్నదనుకుంటే, అది రెండు లెక్కలూ కలిసే చోటనే ఉండాలి. వలను పూర్తిగా సాధించకుండానే ఆ ఉష్ణోగ్రతను ఖచ్చితంగా చెప్పేశారు. మూడేళ్ళకు, 1944లో, ఆన్సాగర్ ఆ వలను పూర్తిగా సాధించాడు. ఉష్ణోగ్రత వారు చెప్పినదే. లెక్క కుదరడమంటే ఇదీ.

మూడోది విద్యుత్తు, అయస్కాంతత్వం. శూన్యంలో మాక్స్‌వెల్ సమీకరణాలను చూస్తే, ఈ రెండూ చోట్లు మార్చుకున్నా సమీకరణాల రూపం మారదు. కానీ పదార్థం వచ్చేసరికి పొత్తు చెడుతుంది. విద్యుదావేశం విడిగా దొరుకుతుంది. అయస్కాంతాన్ని మధ్యకు విరిస్తే ఉత్తరం, దక్షిణం విడిపోవు. రెండు చిన్న అయస్కాంతాలు వస్తాయి. విడి ధ్రువం ఒక్కటైనా ఉంటే ఏమవుతుందని 1931లో డిరాక్ ఆలోచించాడు. అప్పుడు విద్యుదావేశాన్ని అయస్కాంత ఆవేశంతో గుణిస్తే వచ్చేది ఒక స్థిర విలువకు పూర్ణాంక గుణిజంగానే ఉండాలని తేల్చాడు. అంటే ఒకటి చిన్నదైతే రెండోది పెద్దదై తీరాలి. ఇక్కడా తలకిందుల సంబంధమే. విడి ధ్రువం నేటి వరకు ఏ ప్రయోగశాలలోనూ నిలకడగా దొరకలేదన్నది వేరే సంగతి.

ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అన్న మాట ఎందుకంత ముఖ్యం? కణాల మధ్య పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్యను బంధ బలం అందాం. అది 1/10 అయితే, మొదటి సవరణ 1/10, తర్వాతది 1/100, ఆ తర్వాత 1/1000. నాలుగు సవరణలు కలిపేసరికి జవాబు చేతికి వస్తుంది. అదే బలం 10 అయితే 10, 100, 1000 అంటూ సవరణలు పెరిగిపోతాయి తప్ప జవాబు రాదు. భౌతికశాస్త్రజ్ఞుల పనిముట్లు చాలావరకు బలహీన బంధానికే పనికివస్తాయి. బలమైన బంధం దగ్గర కలం ఆగిపోతుంది.

1974లో ట్ హూఫ్ట్, పోల్యకోవ్ విడివిడిగా ఒక సంగతి కనుక్కున్నారు: కొన్ని సిద్ధాంతాల్లో విడి ధ్రువాలు ఎవరూ పెట్టకుండానే పుట్టుకొస్తాయి. 1977లో మాంటోనెన్, ఆలివ్ అనే ఇద్దరు ఒక సాహసం చేశారు. అటువంటి సిద్ధాంతంలో బంధ బలాన్ని తలకిందులు చేసి, విద్యుత్ కణాల పేరు ధ్రువాలకూ, ధ్రువాల పేరు విద్యుత్ కణాలకూ పెడితే, మళ్ళీ అదే సిద్ధాంతం వస్తుందన్నారు. బలమైన బంధంలో తెలియనిదంతా బలహీన బంధంలో చదువుకోవచ్చునన్నమాట. రెండేళ్ళకు ఆస్బోర్న్, ఈ మాట నిలబడాలంటే చాలా ఎక్కువ సౌష్ఠవం ఉన్న ఒక ప్రత్యేక సిద్ధాంతాన్ని తీసుకోవాలని చూపించాడు.

అయితే ఒక చిక్కు. ఒక పక్క లెక్క కుదిరే చోట రెండో పక్క కుదరదు. అదే దాని ఉపయోగం. అదే దాని జబ్బు కూడా. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూసే వీలే లేనప్పుడు పోల్చేదెట్లా? పరీక్షకు నిలబెట్టే దారి కనపడక చాలామంది ఆ మాటను పక్కన పెట్టేశారు. పదిహేను ఏళ్ళకు పైగా అది అందమైన ఊహగానే ఉండిపోయింది.

ఈలోగా స్ట్రింగ్ సిద్ధాంతం తన దారిన నడుస్తోంది. 1968లో వెనెజియానో రాసిన ఒక సూత్రంతో అది మొదలైంది. ఆ తర్వాత ఆ సూత్రం వెనక ఉన్నది బిందువులు కాదు, కంపించే సన్నని పోగులని నంబు, నీల్సన్, సస్కిండ్ గుర్తించారు. 1984లో గ్రీన్, ష్వార్జ్ చేసిన లెక్కతో దానికి గొప్ప ఊపు వచ్చింది. ప్రపంచానికంతటికీ ఒకే సిద్ధాంతం అన్నారు. తీరా చూస్తే అటువంటివి అయిదు తేలాయి. ఒకే పెళ్ళికి అయిదు ముహూర్తాలు పెట్టినట్టయింది.

ఆ పోగుల లెక్కలోనే ఒక జంట వర్ణన బయటపడింది. దీన్ని మన ఊరి వారికి చెప్పడం సులువు. నూలు చుట్టే కండె తీసుకోండి. చివర లేకుండా ఎంతో పొడవుందని అనుకోండి. ఒక పోగు రెండు కొనలూ ముడివేసి ఉంగరం చేద్దాం. అది కండె మీద ఒక పక్కన పడి ఉండి, కండె చుట్టూ పరుగెత్తవచ్చు. లేదా కండెకు ఒకటో రెండో చుట్లు చుట్టుకుని ఉండవచ్చు. చుట్టు పడితే తెంపితే తప్ప రాదు. పరుగుకు కావలసిన శక్తి మెట్లు మెట్లుగా ఉంటుంది. కండె లావెక్కేకొద్దీ ఆ మెట్టు ఎత్తు తగ్గుతుంది. చుట్టుకు కావలసిన శక్తి కండె లావెక్కేకొద్దీ పెరుగుతుంది. ఎక్కువ పోగు సాగాలి గదా. కాబట్టి లావు కండె మీద పరుగు చవక, చుట్టు ఖరీదు. సన్న కండె మీద చుట్టు చవక, పరుగు ఖరీదు. కండె వ్యాసార్థాన్ని తలకిందులు చేసి, పరుగులకూ చుట్లకూ పేర్లు మార్చితే, శక్తుల పట్టిక తు.చ. తప్పకుండా అదే వస్తుంది. నేతగాడు కండెను బయటి నుంచి చూస్తాడు గనుక ఏది లావో ఏది సన్నమో చెప్పగలడు. ఆ పోగుకు బయట అనేది లేదు. తానున్నది లావు కండె మీదనో సన్న కండె మీదనో తెలుసుకునే మార్గమే దానికి లేదు. బిందువయితే చుట్టుకోలేదు కాబట్టి ఈ చమత్కారం బిందువులకు చేతకాదు.

1984లో కిక్కావా, యమసాకి ఈ గుణాన్ని గుర్తించారు. దీనికీ, పైన చెప్పిన అయస్కాంతాల వలకూ ఉన్న చుట్టరికాన్ని 1987లో బి. సత్యపాలన్ ఒక వ్యాసంలో వివరించారు. తర్వాత ఆయన చాలాకాలం పనిచేసింది చెన్నై తరమణిలోని గణితశాస్త్ర విజ్ఞాన సంస్థలో. 1962 జనవరి 3న మొదలైన ఆ సంస్థను స్థాపించినది అల్లాడి రామకృష్ణన్. రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు.

ఇక అసలు మలుపు. 1994 ఫిబ్రవరిలో, బొంబాయి అప్పటికింకా బొంబాయిగానే ఉన్న రోజుల్లో, అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థ నుంచి ఒక చిన్న వ్యాసం వెలువడింది. రాసినవారు అశోక్ సేన్. 1956లో పుట్టి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోనూ కాన్పూర్ ఐఐటీలోనూ చదివి, అమెరికాలో పట్టా పుచ్చుకుని, 1988లో మన దేశానికి తిరిగి వచ్చినవారు. ఆయన పట్టుకున్నది పరీక్ష దారిని. బంధ బలం ఎంత మారినా మారనిదేదైనా ఉన్నదా? ఉంటే దాన్ని లెక్క కుదిరే చోట ఎంచుకుని, కుదరని చోటికి ధైర్యంగా తీసుకుపోవచ్చు.

ఉన్నది. ఆ ప్రత్యేక సిద్ధాంతంలో కొన్ని కణాల బరువును వాటి ఆవేశాలే నిర్ణయిస్తాయి. అటువంటి కణాల సంఖ్య బంధ బలంతో పాటు మారదు. డ్యూయాలిటీ నిజమైతే రెండు అయస్కాంత మాత్రలూ ఒక విద్యుత్ మాత్రా ఉన్న కణ కుటుంబం ఒకటి ఉండి తీరాలి. ఒకటే ఉండాలి. అప్పటికి అటువంటిది ఏ లెక్కలోనూ ఎవరికీ కనపడలేదు. నిశ్చలంగా ఉన్న రెండు ధ్రువాలు ఇక్కడ ఒకదాన్నొకటి లాగవు, నెట్టవు. మరి అవి జతగా కట్టుబడి ఉంటాయా? ఆ రెండింటి కదలికలకు చోటైన వంపుల జాగా ఆకారాన్ని అతియా, హిచిన్ అనే గణితజ్ఞులు అంతకు ముందే తేల్చి ఉంచారు. సేన్ ఆ జాగా మీద అలాంటి జతకు తగిన అల కోసం వెదికారు. ఒక్కటీ దొరకకపోతే డ్యూయాలిటీ పని సరి. రెండు దొరికినా సరి. ఒకటే దొరికింది.

పదిహేడేళ్ళుగా ఊహగా ఉన్నది ఆ వ్యాసంతో పరీక్షకు నిలిచిన మాట అయింది. రుజువైందని నేననను, పూర్తి రుజువు ఇవాళ్టికీ లేదు. కానీ ఓడిపోవడానికి వీలున్న చోట నిలబడి ఓడిపోలేదు. ఆ ఏడాదే వాఫా, విట్టెన్ మరో గట్టి పరీక్ష పెట్టారు. అదీ కుదిరింది. 1995 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సమావేశంలో విట్టెన్ అయిదు స్ట్రింగ్ సిద్ధాంతాల చిక్కును విప్పారు. ఒకదాని బంధాన్ని బలపరిస్తే మరొకటి అవుతుంది; ఒకదాని కండెను తలకిందులు చేస్తే ఇంకొకటి అవుతుంది; ఒకదానిలోనైతే బంధం బలపడేకొద్దీ పదకొండో మితి తెరుచుకుంటుంది. అయిదూ ఒకే సిద్ధాంతానికి అయిదు మూలలని తేలింది.

ఇదంతా దేనికి అంటారా? రెండు ఉదాహరణలు చెబుతాను. కృష్ణబిలానికి ఎంట్రోపీ ఉందనీ, అది దాని ఉపరితల వైశాల్యంలో నాలుగో వంతుకు సమానమనీ బెకెన్‌స్టైన్, హాకింగ్ 1970ల్లో చెప్పారు. ఎంట్రోపీ అంటే లోపల ఎన్ని విధాల అమరికలు సాధ్యమో చెప్పే లెక్క. మరి ఆ అమరికలేవి? ఇరవై ఏళ్ళు జవాబు లేదు. 1996లో స్ట్రోమింజర్, వాఫా ఒక ప్రత్యేకమైన కృష్ణబిలాన్ని తీసుకుని, బంధాన్ని బలహీనపరచి, బిలం లేని చోట అమరికలను ఎంచారు. ఆ నాలుగో వంతుతో సహా లెక్క సరిపోయింది. అక్కడ వాడిన ఎంపిక పద్ధతి రామానుజన్, హార్డీల విభజన లెక్కకు స్వయానా చుట్టం. నాలుగును అయిదు విధాలుగా విడగొట్టిన పనే కృష్ణబిలం దాకా పోయింది.

రెండోది మాల్డసీనా 1997 చివర చెప్పినది. ఒక వంపు విశ్వంలోని గురుత్వాకర్షణ సిద్ధాంతమూ, దాని అంచున గురుత్వమే లేని కణాల సిద్ధాంతమూ ఒకటేనన్నాడు. ఈ పక్క మాట ఆ పక్క ఏమవుతుందో చెప్పే పట్టికను శాస్త్రజ్ఞులు నిఘంటువనే పిలుస్తారు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువును తిరగేసిన మనకు ఆ మాట ఇంపుగానే ఉంటుంది. కానీ తేడా గమనించాలి. తెలుగులోంచి ఇంకో భాషకు మార్చినప్పుడు ఎంతో కొంత రాలిపోతుంది. ఈ నిఘంటువులో ఏదీ రాలకూడదు. రాలితే డ్యూయాలిటీ లేనట్టే. ఆ నిఘంటువు చూసి, బలంగా పెనవేసుకున్న కణాల ద్రవం ఎంత జారుడుగా ఉండగలదో కృష్ణబిలం లెక్క నుంచి రాబట్టారు. 2005లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాల వారు, బంగారు కేంద్రకాలు ఢీకొట్టగా పుట్టిన పదార్థం దాదాపు ఘర్షణ లేని ద్రవంలా ప్రవహిస్తోందని ప్రకటించారు. ఆ జారుడు ఈ లెక్కకు దగ్గరలో ఉంది. సరిగ్గా ఆ ద్రవానికే కట్టిన లెక్క కాదు కాబట్టి దగ్గర అనే అనాలి, సరిపోయింది అనకూడదు.

అదే పద్ధతిలో ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. పోగులను ఏ ప్రయోగశాలా ఇంతవరకు చూడలేదు. మాల్డసీనా తీసుకున్న వంపు విశ్వం మనం ఉంటున్న విశ్వం కాదు. ప్రకృతి స్ట్రింగులతో అల్లినదా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంది. అయినా, లెక్క ఆగిపోయిన చోట ఇంకో పక్క నుంచి దారి ఉండవచ్చునన్న పాఠం మాత్రం అయస్కాంతాల నుంచి కృష్ణబిలాల దాకా నిలబడింది.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు వస్తాను. అద్వైతం చెప్పేది అనుభవం గురించి. దాని పరీక్ష సాధకుడి లోపల జరుగుతుంది. డ్యూయాలిటీ చెప్పేది రెండు వర్ణనల గురించి. దాని పరీక్ష కాగితం మీద, ఎవరైనా చూసేటట్టు జరుగుతుంది. సేన్‌కు ఒకటి బదులు రెండు దొరికి ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది. మహర్షి మాట అలా ఆగిపోయేది కాదు. రెండింటినీ ఒకటే అనేస్తే రెండింటికీ గౌరవం తక్కువే.

మా వాడికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఈ సంచిక చేతికి అందగానే మా అక్క చదివి వినిపిస్తానంది. విన్నాక వాడికి నేను పెట్టే పని ఒకటే. 5ను ఎన్ని విధాలుగా విడగొట్టవచ్చో ఒక కాగితం మీద రాసి ఎంచమంటాను. ఏడు రావాలి. రాకపోతే మళ్ళీ మొదటి నుంచి ఎంచుకోవాలి.